పగులు ఒక్కటి పూడ్చమంది

నా చేతి పనిని మెచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మెచ్చుకోని మనిషి ఒకే ఒక్కడు. ఆయనకు కళ్ళు కనపడవు. ఇప్పుడు చెప్పబోయేది ఆయన పైపు గురించి, ఆయన కూతురి గురించి, వాళ్ళిద్దరి మధ్యలో దూరి నేను చేసిన నిర్వాకం గురించి. పని మానేసి నాలుగేళ్ళయింది. మోకాళ్ళు పోయాయి, మిషను మోతకు చెవులు సగం పోయాయి. ఈ సంగతి మాత్రం బుర్రలోంచి పోలేదు. చేతిపని నేర్చుకునే పిల్లలెవరైనా చదివితే పనికొస్తుందని రాస్తున్నాను. పనికి రాకపోతే పోనీ, నాకైతే రాయడం అవసరం.

మార్కాపురంలో చెక్క పైపులు చేసేవాళ్ళం అంటే మీరు నీళ్ళ పైపులనుకుంటారు. కాదు, పొగ తాగేవి. మా వైపు చుట్ట తాగేవాళ్ళు, బీడీ తాగేవాళ్ళు కావలసినంత మంది. పైపు తాగే పెద్దమనిషిని మాత్రం నేను సర్వీసు మొత్తంలో మా ఊళ్ళో ఒక్కణ్ణి కూడా చూడలేదు. మా మేస్త్రి దుకాణం మొదట్లో పలకలకు చెక్క చట్రాలు బిగించేది. ప్లాస్టిక్ చట్రాలు వచ్చి ఆ పని పడుకుంది. లేతు మిషను ఖాళీగా ఉంటే మా మేస్త్రికి పిచ్చెక్కేది. ఆ సమయంలో హైదరాబాదులో ఒక షాపాయన ఒక పైపు పంపి, ఇలాంటివి చేయగలరా అని అడిగాడట. దాన్ని ఏ వైపు నుంచి నోట్లో పెట్టుకోవాలో కూడా తెలియని మా మేస్త్రి "దాందేముంది, చేస్తాం" అన్నాడు. అన్నాడు కాబట్టి చేశాం.

బోరు వేయడానికి చేను చదును చేసేటప్పుడు పెళ్ళగించిన తుమ్మ మొద్దులు కొమరోలు వైపు నుంచి ట్రాక్టరులో వచ్చేవి. ఆ వేరు మొద్దు రాయిలాగా ఉంటుంది, నిప్పుకు తొందరగా మాడదు. దాంతో పొగాకు నింపే గిన్నె చేసేవాళ్ళం. నోట్లో పెట్టుకునే కాడను బర్రె కొమ్ముతో చేసేవాళ్ళం. మొదటి ఏడాది మేము చేసిన వాటిలో సగం పగిలాయి. మిగతా సగంలో పొగ రాలేదు. తరవాత తరవాత చెయ్యి తిరిగింది. ఎంత తిరిగిందంటే, ఊళ్ళో నన్ను చూపించి "పైపులాయన" అనే దాకా.

కొత్తవాటికంటే రిపేరులో మాకు పేరొచ్చింది. నగరంలో డబ్బున్న మారాజులు తమ పాత పైపులను పార్సిల్లో పంపేవాళ్ళు. లోపల మసి గీకేసి, కాడ మీది పంటిగాట్లు ఆకురాయితో తీసేసి, మైనం పట్టించి తళతళలాడేట్టు తిప్పి పంపాలి. "వచ్చినోడు తన వస్తువును తానే గుర్తుపట్టగూడదు రా. అదీ మన పనంటే" అనేవాడు మేస్త్రి. నేను ఆ మాటను మంత్రంలా పట్టుకున్నాను. దుకాణంలో పాలిష్ పట్టే ఒకావిడ ఉండేది. నేను వదినా అని పిలిచేవాణ్ణి. ఆమె మాత్రం "ఎవురి ముఖాన్నో గీకి నున్నగా చేసినట్టుంటాది మీ పని" అని సణిగేది. ఆమె మాట మేము ఎప్పుడూ లెక్కచేయలేదు.

ఒకరోజు పొద్దున దుకాణం తీసేసరికి మెట్టు మీద ఒక ఆడమనిషి కూర్చొని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. అర్ధవీడు అవతల, నల్లమల అంచున ఉండే గూడెం వాళ్ళది. అడవిలో తేనె, బంక ఏరి సంతలో అమ్ముకుంటారు. గుడ్డలో చుట్టిన వస్తువు ఒకటి విప్పి నా చేతిలో పెట్టింది. అది పైపు. నా జన్మలో అటువంటి పైపు చూడలేదు. ఏ మిషనూ తగలని పైపు. గిన్నె గుండ్రంగా లేదు, ఒక పక్క బొటనవేలు ఆనే చోట గుంట పడి ఉంది. కొమ్ము కాడ మీద పంటిగాట్లు ఎంత లోతంటే, అవి కొరికినవి కావు, ఏళ్ళ తరబడి అరిగినవి. గిన్నెకు పై నుంచి కింది దాకా ఒక పగులు.

"మా నాయనది అన్నా. వయసులో ఉన్నప్పుడు ఆయనే చెక్కుకున్నాడు. చేతిలోంచి జారి బండ మీద పడింది. ఆయనకు కండ్లు కనపడవు. ఇది లేకపోతే పొద్దుపోదు ఆయనకు. బువ్వ గూడ సరిగ్గ తింటాల్యా" అంది.

"చేసిస్తాలే చెల్లే. వారం తర్వాత రా."

"పగులు ఒక్కటి పూడ్చు అన్నా. ఇంకేమీ చేయొద్దు."

ఆ మాట ఆమె రెండుసార్లు చెప్పింది. వెళ్తూ వెళ్తూ తిరిగొచ్చి మూడోసారి కూడా చెప్పింది. నేనేమనుకున్నానో చెబితే మీకు నవ్వొస్తుంది. పాపం, ఎక్కువ పని చేస్తే ఎక్కువ అడుగుతానని భయపడుతోంది అనుకున్నాను. నా మనసు కరిగిపోయింది. ఈమె దగ్గర ఏమీ తీసుకోకూడదు, నగరం మారాజులకు చేసినట్టే చేసివ్వాలి అని ఆ క్షణమే తీర్మానించుకున్నాను. నా దానబుద్ధి తగలడ!

పగులు పూడ్చడం ఒక పూట పని. చెక్కపొడి, జిగురు కలిపి కూరి, సన్నటి ఇత్తడి చుట్టు వేశాను. అంతటితో ఆపి ఉంటే ఈ రాత లేదు. గిన్నె లోపల వేలి మందాన మసి గట్టిపడి ఉంది, దాన్ని గీకేశాను. బయట వంకర ఉంది, గుండ్రంగా తీశాను. బొటనవేలి గుంట పోయింది. కాడ మీది పంటిగాట్లు చూసి వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఆయమ్మ ఏం చెప్పింది, నువ్వేం చేస్తాండావు? ఆ గాట్లు ఉండనీ."

"నీకేం తెలుసు వదినా? ఫ్రీగా చేస్తాండా. చూడు ఎట్ల మెరిసిపోతాదో."

"ఆ ముసలాయనకు మెరుపు యాడ కనపడతాది?" అంది.

మంచి ప్రశ్న. నేను నవ్వేశాను. పొగ వచ్చే కన్నం చూస్తే ఇంకా విచిత్రం. ఆ పెద్దాయన దగ్గర కన్నం తొలిచే బరమా లేదు కదా, ఎర్రగా కాల్చిన ఇనప చువ్వతో రెండు వైపుల నుంచీ కన్నం కాల్చాడు. ఆ రెండు కన్నాలూ మధ్యలో సరిగ్గా కలవలేదు. నువ్వుగింజంత పక్కకు జరిగి కలిశాయి. నాకు ఇటువంటివి చూస్తే చేతులు ఊరుకోవు. బరమా పెట్టి సూటిగా చేసేశాను. వారం గడిచేసరికి అది షాపు అద్దాల్లో పెట్టే వస్తువైపోయింది. మేస్త్రి చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూసి "శభాష్" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం అంటే మాటలు కాదు.

ఆమె వచ్చింది. చేతిలో ఒక తేనె సీసా. పైపు ఇస్తే పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది.

"ఇది... అదేనా అన్నా?"

నేను సంతోషంతో పకపకా నవ్వాను. "అదే చెల్లే! గుర్తుపట్టలేకపోతివా? డబ్బులేం వద్దు, తీసకపో" అన్నాను. ఆమె ముఖంలో సంతోషం కనపడకపోతే, పల్లె మనిషి, బెదిరిపోయింది అనుకున్నాను. వద్దన్నా వినకుండా తేనె సీసా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

తరవాతి వారమే మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. మెట్టు మీద కూర్చోకుండా నిలబడే చెప్పింది.

"మా నాయన ఇది తనది కాదంటాండాడు అన్నా. పల్లుకు గాటు దొరకల్యా, వేలికి గుంట దొరకల్యా. పొగ పీల్చి చూసి, నా దాంట్లో పొగ చల్లగా వచ్చేది, ఇది నోరు కాలుస్తాండాది అని ఇసిరికొట్టినాడు. నేను అమ్మేసి, షాపుది కొనకొచ్చినా అంటాండాడు."

"నువ్వెందుకు అమ్ముతావు?"

ఆమె తలవంచుకుంది. సంగతి అప్పుడు చెప్పింది. కెమెరా వేసుకొని గూడేనికి వచ్చే పట్నపాయన ఒకడు ఆ పైపును చూసి ఎంతైనా ఇస్తా, నాకు అమ్మండి అని వెంటపడ్డాడట. ముసలాయన ససేమిరా అన్నాడు. ఈమె మాత్రం "ఇచ్చేయ్ నాయనా, ఆ డబ్బుతో నీ కండ్లు డాక్టరుకు చూపిద్దాం" అని ఒక్కసారి అంది. ఆ ఒక్క మాట ఆయన మనసులో ఉండిపోయింది. ఇప్పుడు గూడెంలో పదిమంది ముందర "నా బిడ్డే నా ఇంట్లో దొంగ" అన్నాడట. ఆమె పెట్టిన బువ్వ ముట్టడం లేదు. పక్కింటివాళ్ళు పెడితే తింటున్నాడు.

"నువ్వొక్కసారి వచ్చి చెప్పన్నా. చేసినోడివి నువ్వు. నీ మాటైతే నమ్ముతాడు. నేను ఎంత చెప్పినా ఇంటాల్యా."

"అయ్యో, దానికేముంది! ఆదివారం వస్తాలే" అన్నాను.

"తప్పకుండా రా అన్నా. బస్సు దిగే కాడ నేను నిలబడి ఉంటా."

ఇక్కడ నేను దాచుకోకుండా ఒక మాట చెప్పాలి. ఆమె అటు పోగానే నాకు కలిగింది జాలి కాదు, గర్వం. పైపు యజమాని తన పైపును తానే గుర్తుపట్టలేదు! మేస్త్రి చెప్పే పనితనం అంటే ఇదే కదా! టీకొట్టు దగ్గర పదిమందికీ చెప్పాను. "నా రిపేరు చూసి సొంతదారు కూడా నాది కాదన్నాడబ్బా" అని చెప్తుంటే అందరూ విరగబడి నవ్వారు. హైదరాబాదు షాపాయనకు ఫోన్ చేసి మరీ చెప్పాను. కూతురిని దొంగ అన్నాడన్న ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది చెబితే కథ రుచి చెడుతుందని నాకు తెలుసు కాబోలు.

ఆదివారం రానే వచ్చింది. ఆ రోజు నగరం షాపాయన మా దుకాణం చూడడానికి వచ్చాడు. నా పనిని నా ముందే పొగుడుతుంటే వదిలి పోబుద్ధి కాలేదు. మరుసటి ఆదివారం ఒళ్ళు బాగలేదని పడుకున్నాను. నిజానికి అంత బాగలేకపోవడం ఏమీ లేదు. మూడో ఆదివారానికి ఇంకో చిక్కొచ్చింది. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదంటే ఏం చెప్పాలి? ఆలస్యమయ్యే కొద్దీ పోవడం కష్టమైంది. మొదటి రోజు బస్సెక్కి ఉంటే ఒక పూట పని, నెల దాటేసరికి కొండ ఎక్కాల్సినంత పనైపోయింది. ఈ లోపల ఆ తేనె మాత్రం మా ఇంట్లో రోజూ నాకుతూనే ఉన్నాం.

వదిన అడుగుతూనే ఉంది. "పోయినావా?" అనేది. "పోతా" అనేవాణ్ణి. ఒకరోజు ఆమె అడగడం మానేసింది. అప్పుడే నాకు భయమేసింది.

ఆ మధ్యాహ్నం మైనం ఉండ పక్కన పెట్టి, నా వైపు చూడకుండా చెప్పింది. "సంతలో ఆ గూడెమోళ్ళు కనపడినారు. ఆయమ్మ మిరపకోతలకు పోయిందంట, గుంటూరు పక్కకు. ఎప్పుడూ ఊరు దాటి పోని మనిషి. నాయన మాట్లాడని ఇంట్లో ఎట్ల ఉండాల అని పోయిందంట. ఇంక నువ్వు కష్టపడి పోయే పన్లేదులే."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ రోజు కొమ్ము మీద ఆకురాయి పెడితే పక్కకు జారి వస్తువు పాడైంది. మేస్త్రికి విషయం అంతా చెప్పాను. ఆయన లేతు మిషను ఆపాడు. "తప్పు నాది గూడ ఉంది రా. పొద్దున్నే పో" అన్నాడు.

పొద్దున మొదటి బస్సు పట్టుకొని అర్ధవీడు వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో కొంత, నడిచి కొంత పోయాను. గూడెంలో ఏ ఇల్లు అని అడిగితే అందరూ చూపించారు, ఎందుకని ఎవరూ అడగలేదు. పెద్దాయన గుడిసె ముందు రాతి మీద కూర్చొని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని "ఎవురు?" అన్నాడు.

"పైపు బాగుచేసినోణ్ణి తాతా. మార్కాపురం నుంచి వచ్చినా."

ఆయన ముఖం కదలలేదు. "మా బిడ్డ పంపిందా? ఎంత ఇచ్చింది నీకు ఈ మాట చెప్పమని?"

ఎలా నమ్మించాలో నాకు అర్థం కాలేదు. పంటిగాట్ల గురించి చెప్పాను, ఎడమ వైపు లోతు, కుడి వైపు తక్కువ అని. "అది మా బిడ్డకూ తెలుసు" అన్నాడు. గుంట గురించి చెప్పాను. "అదీ తెలుసు" అన్నాడు. అప్పుడు నాకు తట్టింది.

"తాతా, నువ్వు కన్నం చువ్వతో రెండు పక్కల నుంచి కాల్చినావు. మధ్యలో సరిగ్గ కలవల్యా. నువ్వుగింజంత పక్కకు పోయింది. పొగ ఆ వంకరలో తిరిగి వచ్చేది, అందుకే నీకు చల్లగా ఉండేది. ఆ వంకర నేనే తీసేసినా. సూటిగా ఉంటే బాగుంటాదనుకున్నా. ఆ గాట్లూ నేనే తీసినా, గుంటా నేనే తీసినా. మీ బిడ్డ పగులు ఒక్కటే పూడ్చమంది. మూడు తూర్లు చెప్పింది. నేను ఇనలే."

ఆయన పెదవులు కదిలాయి. ఆ వంకర సంగతి కన్నం కాల్చిన మనిషికి, లోపల బరమా పెట్టిన మనిషికి తప్ప ఎవరికీ తెలిసే వీల్లేదు.

"అయితే నా బిడ్డ అమ్మలేదు."

"అమ్మలేదు తాతా."

"నేను దాన్ని దొంగ అంటినే! ఇంతమందిలో అంటినే!" అని రెండు చేతులతో మోకాళ్ళ మీద కొట్టుకున్నాడు. చుట్టుపక్కల వాళ్ళు చేరారు. నేను అందరికీ వినపడేట్టు మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. సిగ్గేసినా చెప్పాను. అంతా విన్నాక ఆ పెద్దాయన అడిగింది ఒక్కటే.

"ఆ ఆదివారమే ఎందుకు రాలేదు అబ్బయ్యా?"

"పని ఉండె తాతా" అన్నాను. నోటికి వచ్చింది అదే.

"నా బిడ్డ గూడ అదే చెప్పేది. ఆయనకు పనుంటాది నాయనా, మంచోడు, డబ్బులు గూడ తీసుకోలేదు, వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాడు అని నీ తరఫున మాట్లాడేది. నాలుగు ఆదివారాలు పోయి రోడ్డు మీద నిలబడింది. ఉత్తచేతులతో తిరిగొస్తే, చూసినావా, ఆ మనిషే లేడు, అంతా అబద్ధం అని నేనే తిట్టినా."

నాకు ఏడుపొచ్చింది. పెద్దవాణ్ణి, అందరి ముందూ ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ తిట్టలేదు. పక్కింటి కుర్రది సెల్‌ఫోన్ తీసి ఆమె నంబరు కలిపింది. ముసలాయన ముందు నన్నే మాట్లాడమన్నాడు. "నాకు నోరు రాదు, నువ్వే చెప్పు" అన్నాడు.

"చెల్లే, నేను పైపుల దుకాణం అన్నను. మీ గూడెంలోనే ఉండా. మీ నాయనకు చెప్పినా. అందరి ముందరా చెప్పినా, అది మీ పైపేనని, చెడగొట్టింది నేనేనని."

అటువైపు చేలో ఎవరో నవ్వుకుంటున్నారు, ఎవరో నీళ్ళు తెమ్మని అరుస్తున్నారు.

"ఇప్పుడా అన్నా?" అంది ఆమె.

ఆ గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఫోను ముసలాయన చెవి దగ్గర పెట్టాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకొని "అమ్మా" అన్నాడు, తరవాత "బువ్వ తింటాండావా అమ్మా" అన్నాడు. ఇక అక్కడ నాకు చోటు లేదు. లేచి రోడ్డు దాకా నడిచి వచ్చాను. రెండు గంటల దాకా బస్సు లేదన్నారు. ఆమె నాలుగు ఆదివారాలు నా కోసం నిలబడిన చోటే నిలబడ్డాను.